సొంతంగా చేయించుకున్న బైక్ లిఫ్ట్ మొరాయిస్తే

రోజంతా నేల మీద గొంతుక్కూర్చుని పని చేసే మెకానిక్‌కి నడుము నొప్పి తప్పదు. అందుకే ఇనుప పైపులు, బాటిల్ జాక్ (ఆయిల్ ఒత్తిడితో బరువు ఎత్తే సాధనం) తెచ్చి కత్తెర లిఫ్ట్, అంటే బండి నిలబెట్టిన బల్లని కత్తెరలా దాటుకునే ఇనుప కాళ్లతో పైకి లేపేది, చేయించుకోవడం మంచి పనే. సాధారణంగా ఇబ్బంది వచ్చేది ఈ చోట్లే.

సమస్య: బల్ల కింది నుంచి లేవదు, హ్యాండిల్ బిగుసుకుపోతుంది

చాలామంది వెంటనే పెద్ద జాక్ కొనేస్తారు. ముందు లిఫ్ట్ కాళ్లు నేలతో చేసే కోణం చూడండి. జాక్ అడ్డంగా నెట్టే లిఫ్ట్‌లో కాళ్లు నేలకి ఎంత దగ్గరైతే జాక్‌కి అంత భారం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి బరువు 195 కిలోలు, బల్లతో కలిపి 250 అనుకుందాం. కాళ్లు 45 డిగ్రీల్లో ఉంటే 250 కిలోల బలం చాలు. 20 డిగ్రీలకి దిగితే దాదాపు 690 కావాలి. 10 డిగ్రీలకి వస్తే 1,400 దాటుతుంది. ఆ ఒత్తిడి అంతా కీలు బోల్టుల మీదే పడుతుంది, అవి వంగేది అందుకే.

పరిష్కారం: కాళ్లు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోయేలా ఫ్రేముకి ఇనుప దిమ్మలు వెల్డింగ్ చేయించండి. బల్ల కాస్త ఎత్తులో ఆగుతుంది కాబట్టి ర్యాంపు పొడవు పెంచుకోవాలి.

సమస్య: కొంచెం లేచి ఆగిపోతుంది, హ్యాండిల్ ఊరికే ఆడుతుంది

బాటిల్ జాక్ నిలబెట్టి వాడేది. పడుకోబెడితే ఆయిల్ ఒక పక్కకి చేరి, పంపు గాలి పీల్చుకుంటుంది. పంపు ఉన్న వైపు కిందికి వచ్చేలా తిప్పి బిగించండి. తర్వాత బరువు తీసేసి, రిలీజ్ స్క్రూ (జాక్‌ని కిందికి దించేది) వదులు చేసి పది పదిహేను సార్లు పంపు కొడితే గాలి పోతుంది.

సమస్య: ఎత్తి ఉంచిన బండి మెల్లగా దిగిపోతోంది

రిలీజ్ వాల్వులో మురికి చేరి ఉంటుంది, లేదా ఆయిల్ కారకుండా ఆపే సీలు అరిగి ఉంటుంది. పాత ఆయిల్ తీసేసి కొత్త జాక్ ఆయిల్ పోయండి. చేతికి అందింది కదా అని బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

జాక్ బాగైనా సరే, దాన్ని నమ్మి బండి కింద చెయ్యి పెట్టకండి. కాళ్ల చివర ఉన్న రోలర్ నడిచే ఛానల్‌కి రెండు అంగుళాలకొక రంధ్రం వేయించండి. బండి ఎత్తాక రోలర్ వెనక రంధ్రంలో మందపాటి కడ్డీ దూర్చి, రోలర్ దానికి ఆనేదాకా జాక్ కాస్త వదలండి. ఇక బరువు మోసేది కడ్డీయే.

సమస్య: బల్ల పక్కలకి ఊగుతుంది

బోల్టు మర ఉన్న భాగం కాళ్ల రంధ్రంలో ఆడుతుంటే రంధ్రం త్వరగా అరుగుతుంది. నున్నటి కాడ పొడవుగా ఉన్న బోల్టు వేసి, రంధ్రంలో బుష్ (అరుగుదల ఆపే చిన్న గొట్టం) పెట్టి, గ్రీజు రాయండి. రెండు పక్కల కాళ్లని అడ్డపైపుతో కలిపితే ఊపు ఇంకా తగ్గుతుంది. సైడ్ స్టాండ్ మీద ఉన్న బండిని ఎత్తొద్దు. ముందు చక్రాన్ని క్లాంపులో బిగించి, హ్యాండిల్ దగ్గర రెండు వైపులా బెల్టులు లాగి కట్టాలి.

ఇవన్నీ సరిచేశాక మొదట ఎక్కించాల్సింది కస్టమర్ బండి కాదు, ఐదు సిమెంటు బస్తాలు, అంటే 250 కిలోలు. కడ్డీ పెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున వెల్డింగ్ అతుకులు ఒక్కొక్కటీ టార్చ్ వేసి చూడండి. సన్నటి చీలిక కనిపించినా ఆ అతుకు గ్రైండ్ చేసి మళ్లీ వేయించాలి.