అమెరికా చదువుకు వెళ్ళే నెల్లూరు, ప్రకాశం పిల్లలకు: తక్కువ డబ్బుతో మౌంటెన్ బైక్ ఎంచుకోవడం

ఆగస్టు సెమిస్టరుకు బయలుదేరే పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య సైకిల్ కూడా చేరింది. అక్కడ కారు కొనడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది. చాలా ఊళ్ళలో బస్సు గంటకొకటి వచ్చినా గొప్పే. కాబట్టి సైకిల్ కొనాలనుకోవడం మంచి ఆలోచనే. చిక్కంతా ఎంపిక దగ్గరే వస్తోంది. దిగిన వారంలోనే ఏదో పెద్ద స్టోరుకు వెళ్ళి, లావు టైర్లతో, ముందూ వెనకా స్ప్రింగులతో మెరిసిపోతున్న సైకిల్ చూసి కొనేస్తున్నారు. కొన్ని నెలలకు గేర్లు పడవు, బ్రేకులు పట్టవు, అపార్ట్‌మెంటు మెట్ల కింద తుప్పు పడుతుంది. నేను అక్కడ చాలా ఏళ్ళు ఉండి ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. ఆ దేశంలో నాకు బాగా నచ్చినవాటిలో అడవి దారుల్లో సైకిల్ తొక్కడం ఒకటి. ఆ సంతోషం మన పిల్లలకూ దక్కాలి, ఇంట్లోవాళ్ళు కూడబెట్టి పంపిన డబ్బు వృథా పోకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి నెల ఏమీ కొనకండి. మీ గదికి అరగంట దూరంలో ఎలాంటి దారులు ఉన్నాయో ముందు తెలుసుకోండి. మీకు ఏ బైక్ కావాలో ఆ దారే చెబుతుంది. ఊటీ కొండల ఫోటో చూసో, యూట్యూబులో బండరాళ్ళ మీంచి దూకేవాళ్ళను చూసో కొంటే డబ్బు తప్పు చోట పడుతుంది.

మీకు ఎలా తొక్కడం ఇష్టమో మాత్రం ఇక్కడ ఉండగానే కొంత తేల్చుకోవచ్చు. ఎవరి దగ్గరైనా గేర్ల సైకిల్ అడిగి తీసుకుని ఒక ఆదివారం ఉదయం మైపాడు రోడ్డున సముద్రం దాకా వెళ్ళి రండి. ఒంగోలు వాళ్ళయితే కొత్తపట్నం. చదునైన రోడ్డు మీద ఆగకుండా పోతుండటమే హాయిగా అనిపిస్తే మీకు మౌంటెన్ బైక్ అక్కర్లేదు. హైబ్రిడ్ అనే సన్నపాటి టైర్ల సైకిల్ చాలు, తక్కువలో వస్తుంది, బరువు కూడా తక్కువ. ఇంకో వారం భైరవకోన వైపో, పెంచలకోన చుట్టుపక్కల మట్టిదారుల్లోనో తొక్కి చూడండి. గులకరాళ్ళ మీద హ్యాండిల్ అదురుతుంటే, ఎగువకు తొక్కుతుంటే ఊపిరి ఆడకపోతుంటే, అయినా ఇంకాస్త ముందుకు వెళ్ళాలనిపిస్తే, మీరు అసలైన మౌంటెన్ బైక్ మనిషి. నల్లమల అడవి లోపలికి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళొద్దు. అక్కడ పులులున్నాయి.

ఇక తొక్కే పద్ధతులు. ఎక్కువ దూరం, ఎక్కడమూ దిగడమూ సమంగా, వేగంగా తొక్కేదాన్ని క్రాస్ కంట్రీ అంటారు. దానికి ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే గొట్టాల జత, 100 నుంచి 120 మిల్లీమీటర్లు లోపలికి కుదించుకుంటే సరిపోతుంది. వేళ్ళు, రాళ్ళు, మలుపులు ఉన్న మామూలు అడవి దారిలో సరదాగా తొక్కేది ట్రెయిల్ రైడింగ్. దానికి 120 నుంచి 150. నిటారు దిగుడు మీదే మనసున్నవాళ్ళది ఎండ్యూరో, అక్కడ 150 నుంచి 180 దాకా ఉంటుంది. డౌన్‌హిల్ అంటే స్కీ లిఫ్టుల్లో సైకిల్‌ను పైకి తీసుకెళ్ళి కిందికి దూకించడమే, ఫోర్కు 200 దాకా పోతుంది. చివరి రెండూ చదువుకునే రోజుల్లో కొనాల్సినవి కావు. అలాంటి బైక్ పార్కుల్లో ఒక రోజుకు అద్దెకు ఇస్తారు, హెల్మెట్, మోకాలి ప్యాడ్లతో సహా. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళేవాళ్ళకు అద్దె చాలు.

మన పిల్లలు ఎక్కువగా వెళ్ళే ఊళ్ళ సంగతి చెబుతాను. డాలస్ చుట్టుపక్కల దారులు చాలావరకు చదును, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. అక్కడ పెద్ద ఫోర్కు బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు, క్రాస్ కంట్రీ బైక్ సరిగ్గా సరిపోతుంది. అక్కడి నేల మన ప్రకాశం జిల్లాలో శనగ వేసే నల్లరేగడి లాంటిదే. వాన పడితే టైరుకు చుట్టుకుపోయి చక్రం తిరగదు. తడి నేలలో తొక్కితే చక్రాల గాడులు పడి దారి పాడవుతుంది కాబట్టి అక్కడి సైక్లింగ్ సంఘం డోర్బా ఏ దారి తెరిచి ఉందో, ఏది మూసి ఉందో ఏ రోజుకారోజు ప్రకటిస్తుంది. ఇంటి నుంచి కదిలే ముందు అది చూసుకోండి.

వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ చిన్న ఊరు దేశంలోని మౌంటెన్ బైకర్లకంతా తీర్థం. స్లాటర్ పెన్, కోలర్ అనే దారులు ఊళ్ళోంచే మొదలవుతాయి. అక్కడికి వెళ్ళే అదృష్టం ఉంటే 120 లేదా 130 ఫోర్కు ఉన్న ట్రెయిల్ బైక్ తీసుకోండి. సియాటిల్ వైపు వేళ్ళు, బురద, వాన. ఇసాక్వాలోని డుథీ హిల్ పార్కులో నేర్చుకునేవాళ్ళకూ, ఆరితేరినవాళ్ళకూ వేరువేరు దారులున్నాయి. ఆ తడిలో టైరు పట్టు, మంచి బ్రేకులు ముఖ్యం.

ఫీనిక్స్ అంటే రాళ్ళూ ముళ్ళూ. అక్కడా, టెక్సస్, కొలరాడో లాంటి ఎండ ప్రాంతాల్లోనూ దారి పక్కన మన పల్లేరు చెట్టే పెరుగుతుంది. అవే కాయలు, అవే ముళ్ళు. ట్యూబు ఉన్న టైరులో అవి దిగితే ఇక రోజూ పంచరే. అందుకే అక్కడివాళ్ళు ట్యూబు తీసేసి, టైరు లోపల పాలలాంటి సీలెంట్ పోస్తారు. ముల్లు దిగిన చోట అది గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది. కొనేటప్పుడు రిమ్ములూ టైర్లూ ట్యూబ్‌లెస్‌కు పనికొస్తాయా అని అడగండి. పనికొస్తే మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు డబ్బు మాట. 300 డాలర్ల లోపు కొత్త మౌంటెన్ బైక్ వద్దు, వెనక స్ప్రింగు ఉన్నది అసలే వద్దు. వెనక సస్పెన్షన్ అంటే కీళ్ళు, బేరింగులు, షాక్ అబ్జార్బరు. వాటిని సరిగా చేయడానికే చాలా ఖర్చవుతుంది. ఆ ధరలో అవన్నీ పెట్టారంటే చక్రాల్లో, బ్రేకుల్లో, గేర్లలో తగ్గించారని అర్థం. బరువు పెరుగుతుంది, ఎగువకు తొక్కితే మీ బలం కొంత స్ప్రింగు ఊగడానికే పోతుంది. అలాంటి సైకిళ్ళ మీద చాలాసార్లు కొండదారుల్లో వాడవద్దని చీటీ కూడా అంటించి ఉంటుంది, చదవండి. వెనక గట్టిగా, ముందు మాత్రమే ఫోర్కు ఉండే హార్డ్‌టెయిల్ మన బడ్జెట్‌కు సరైనది. నేర్చుకునే మొదటి ఏడాది దాని మీద తొక్కితే కాళ్ళకూ చూపుకూ దారి అలవాటవుతుంది. తర్వాత ఏ బైక్ ఎక్కినా బాగా తొక్కుతారు.

ట్రెక్ మార్లిన్, జెయింట్ టాలన్, స్పెషలైజ్డ్ రాక్‌హాపర్ లాంటి పేరున్న హార్డ్‌టెయిళ్ళు కొత్తవి 600 నుంచి 900 డాలర్ల మధ్య దొరుకుతాయి. రూపాయల్లో చూసుకుంటే యాభై వేల పైమాటే, ఇంట్లో చెప్పడానికి కూడా టెన్షన్ పడే మొత్తం. కాబట్టి నా సలహా సెకండ్ హ్యాండే. 350 నుంచి 500 లోపు రెండు మూడేళ్ళు వాడిన మంచి హార్డ్‌టెయిల్ వస్తుంది. మే నెలలో చదువు పూర్తయినవాళ్ళు ఊళ్ళు మారేటప్పుడు, చలికాలం మొదట్లో తొక్కడం ఆగిపోయేటప్పుడు ధరలు దిగుతాయి. తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో అడగండి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్, పింక్‌బైక్ కూడా చూడండి.

ఏ భాగానికి డబ్బు పెట్టాలో వరుసగా చెప్పమంటే, ముందు సరిపోయే సైజు, తర్వాత బ్రేకులు, తర్వాత ఫోర్కు, ఆ తర్వాతే గేర్లు. మనవాళ్ళు గేర్ల సంఖ్య ముందు చూస్తారు. 21, 24 అని రాసి ఉంటే ఎక్కువ అనుకుంటారు. ఇప్పటి మంచి బైకులకు ముందు ఒకే పళ్ళచక్రం, వెనక 9 నుంచి 12 ఉంటాయి. కింద పడే చైను గొడవ తగ్గుతుంది, ఎడమచేతి పని తగ్గుతుంది. షిమానో డియోర్ అనే గేర్ల సెట్టు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ కూడా తక్కువ ధరలో గట్టిది. బ్రేకులు హైడ్రాలిక్ డిస్కులు (తీగతో కాక నూనె ఒత్తిడితో పనిచేసేవి) అయితే ఒక వేలితో ఆగుతుంది, దిగుడులో చేతులు నొప్పి పుట్టవు.

ఫోర్కు గురించి మన పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. చవక ఫోర్కుల్లో ఇనుప స్ప్రింగు ఉంటుంది, అది బరువైన మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసింది. 55, 60 కిలోల మనిషి కూర్చుంటే అది సగం కూడా కదలదు. బరువు మోస్తున్నట్టే కానీ పని చేయదు. గాలితో పనిచేసే ఫోర్కు అయితే చిన్న పంపుతో మన బరువుకు తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు. ఒకే ధరలో రెండు బైకులు కనిపిస్తే గాలి ఫోర్కు ఉన్నదే తీసుకోండి.

సైజు దగ్గర మొహమాటం వద్దు. ఎవరో తక్కువకు ఇస్తున్నారని పెద్ద ఫ్రేము తీసుకుంటే నడుమూ మెడా పట్టేస్తాయి, కొండ దిగేటప్పుడు అదుపు ఉండదు. సాధారణంగా 5 అడుగుల 5 అంగుళాల నుంచి 5 అడుగుల 9 అంగుళాల వారికి మీడియం వస్తుంది, కంపెనీని బట్టి కొంచెం మారుతుంది. ఫ్రేముకు అటొక కాలు ఇటొక కాలు వేసి, రెండూ నేలకు ఆనించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. అయిదడుగులకు అటూ ఇటూగా ఉండే అమ్మాయిలు 27.5 అంగుళాల చక్రం ఉన్న చిన్న ఫ్రేము చూసుకోండి. మిగిలినవాళ్ళకు 29 బాగుంటుంది, రాళ్ళ మీద సాఫీగా దొర్లుతుంది.

వాడిన బైక్ చూడడానికి పగటి వెలుతురులో, నలుగురు తిరిగే చోటుకు వెళ్ళండి. ఫ్రేము అతుకుల దగ్గర, పెడళ్ళ పైన గొట్టం కలిసే చోట వెంట్రుకలాంటి పగులు ఉందేమో చూడండి, ఉంటే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమని శబ్దం రాకూడదు. చక్రం ఎత్తి తిప్పితే పక్కలకు ఊగకూడదు. కొంచెం బెండు ఉంటే తీయించవచ్చు, అది మన పంచరు షాపులో తీసే బెండు లాంటిదే. ఫోర్కు మెరిసే గొట్టాల మీద గీతలు, నూనె కారిన మరకలు ఉంటే బేరమాడండి లేదా లేచి రండి. పెడళ్ళ కింద ఫ్రేముకు సీరియల్ నంబరు ఉంటుంది. దొంగతనానికి గురైన సైకిళ్ళను నమోదు చేసే బైక్ ఇండెక్స్ అనే వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి దొంగ బండి కాదని చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. చవకగా వచ్చిందని తెలిసి తెలిసి దొంగ సొమ్ము కొనొద్దు.

అక్కడ మొదటిరోజే ప్రమాదం తెచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మన దగ్గర ఎక్కువ సైకిళ్ళకు కుడిచేతి లీవరు ముందు బ్రేకు, మోటార్‌సైకిల్‌కూ అంతే. అమెరికాలో ఎడమచేతిది ముందు బ్రేకు. కొండ దిగుతూ వెనక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీంచి ముందుకు పడతారు. ఖాళీ పార్కింగ్ స్థలంలో కొన్ని రోజులు నెమ్మదిగా తొక్కి చెయ్యి అలవాటు చేసుకోండి. మార్పించుకోవాలంటే షాపువాళ్ళు మారుస్తారు. రోడ్డుకు కుడివైపున వెళ్ళడం కూడా అప్పుడే అలవాటు చేసుకోవచ్చు.

బైక్‌కే డబ్బంతా పెట్టకుండా 100 నుంచి 150 డాలర్లు పక్కన ఉంచండి. సీపీఎస్‌సీ (అక్కడి ప్రభుత్వ భద్రతా సంస్థ) గుర్తున్న కొత్త హెల్మెట్, యూ ఆకారపు తాళం, ముందూ వెనకా దీపాలు, ఒక పంపు, పంచరు సామాను దానిలోంచే రావాలి. హెల్మెట్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు, లోపల పగిలినా పైకి తెలియదు. పంపు కొనేటప్పుడు మీ ట్యూబు వాల్వు చూసుకోండి. అక్కడ కారు టైరుకుండే ష్రేడర్, సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా, రెండు రకాలుంటాయి. మన పాత సైకిళ్ళ వాల్వు అక్కడ కనిపించదు కాబట్టి ఇక్కడి పంపు మోసుకెళ్ళకండి. సూట్‌కేసులో ఆ చోటు గోంగూర పచ్చడికి ఉంచుకోవచ్చు.

రిపేరుకు షాపుకు ఇస్తే గంటల లెక్కన తీసుకుంటారు, చిన్న పనికే బాధ అనిపిస్తుంది. చాలా ఊళ్ళలో స్వచ్ఛంద సైకిల్ షాపులున్నాయి. ఆస్టిన్‌లో ఎల్లో బైక్ ప్రాజెక్టు, బౌల్డర్‌లో కమ్యూనిటీ సైకిల్స్ అలాంటివి. పనిముట్లు ఇస్తారు, పక్కన నిలబడి నేర్పిస్తారు. చైను మార్చడం, బ్రేకు ప్యాడ్లు మార్చడం, గేరు సరిచేయడం ఈ మూడు వస్తే ఏడాది ఖర్చు చాలా తగ్గుతుంది. పైగా ఊళ్ళో పరిచయాలు పెరగడానికి అంత మంచి చోటు నాకు ఇంకొకటి కనిపించలేదు.

అడవి దారి మొదట్లో బోర్డు మీద గుర్తులుంటాయి. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. కొన్ని నెలలు ఆకుపచ్చ దాటొద్దు. నడిచేవాళ్ళకూ గుర్రాలకూ సైకిల్ ఆగి దారి ఇవ్వాలి, దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు ఇవ్వాలి. ఒంటరిగా వెళ్ళేటప్పుడు ఏ దారికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో రూమ్మేటుకు మెసేజ్ పెట్టండి, కొన్ని చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. యూనివర్సిటీ ఇన్సూరెన్సు కార్డు జేబులో ఉంచుకోండి, ఎమర్జెన్సీకి వెళితే మీ జేబులోంచి ఎంత కట్టాలో సెమిస్టరు మొదట్లోనే చదివి పెట్టుకోండి.