పక్క తడిపే పిల్లలు: ఏది కనిపిస్తే ఏం చెయ్యాలి

విశాఖలో వానాకాలం పరుపు తడిస్తే ఎంత యాతనో పిల్లలున్న ఇళ్లకి తెలుసు. సముద్రపు గాలి తేమకి రెండు రోజులు బాల్కనీలో వేసినా ఆరదు, వాసన వదలదు. ఆ విసుగులో మా చిన్నాణ్ణి రెండుసార్లు కొట్టాను కూడా. నిద్రలో తెలియకుండా పోసినవాణ్ణి కొట్టి ఏం లాభం? ముందు పరుపు మీద రబ్బరు షీటు వెయ్యండి, కారణం తర్వాత వెతకొచ్చు.

సమస్య: ఐదేళ్లు దాటినా ఎప్పుడూ పక్క తడుపుతూనే ఉన్నాడు, పగలు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఐదేళ్ల వయసులో నూటికి 15 మంది దాకా ఇంతే. రాత్రిపూట మూత్రం తగ్గించే హార్మోన్ చాలకపోవడం, మూత్రసంచి చిన్నదవడం, అది నిండినా మెలకువ రానంత మొద్దు నిద్ర - ఇవీ కారణాలు. ఇది వంశంలోనూ వస్తుంది. "మీ ఆయన తొమ్మిదో ఏటిదాకా తడిపాడమ్మా" అని మా అత్తగారు చెప్పాక, ఆ మాట విన్న మావాడి మొహం తేటపడింది. మా ఆయనదే వాడిపోయింది.

పరిష్కారం: చాలామంది పిల్లలు బడిలో బాత్రూమ్‌కి వెళ్లడం ఇష్టంలేక నీళ్లే తాగరు, సాయంత్రం ఇంటికొచ్చి సీసాలు ఖాళీ చేస్తారు. దాన్ని తిరగేయండి. నీళ్లు పగలే తాగాలి, పడుకునే ముందు రెండు గంటలు గుక్కా రెండు గుక్కలే. సాయంత్రం టీ, కోలా వద్దు. పక్క ఎక్కేముందు బాత్రూమ్‌కి పంపండి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఎత్తుకెళ్తే పరుపు మిగులుతుంది గానీ అలవాటు రాదు. తడి తగిలితే మోగే అలారం బాగా పనిచేస్తుంది, కానీ రెండు మూడు నెలల ఓపిక కావాలి. మొదట్లో ఆ మోతకి లేచేది మనమే, వాణ్ణి లేపాల్సిందీ మనమే. అరకు వెళ్లి రాత్రి ఉండాల్సినప్పుడు రాత్రి మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ మాత్రని డాక్టర్ రాయొచ్చు. అది వేశాక 8 గంటలు నీళ్లు తాగించకూడదు, ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ రావొచ్చు.

సమస్య: విరేచనం గట్టిగా, రెండు మూడు రోజులకోసారి అవుతోంది. నిక్కరుకి మరకలు.

ఇది మేం పట్టించుకోనేలేదు. డాక్టర్ మాత్రం మూత్రం సంగతి కంటే ముందు దీన్నే అడిగారు. పేగు చివర మలం నిండిపోతే పక్కనే ఉన్న మూత్రసంచిని నొక్కుతుంది, అప్పుడు మూత్రసంచి సరిగ్గా నిండదు, పూర్తిగా ఖాళీ అవదు. మలబద్ధకం తగ్గితే తడపడం దానంతటదే తగ్గిన పిల్లలు చాలామందే. రోజూ అన్నం తిన్నాక ఓ పది నిమిషాలు, కాళ్ల కింద చిన్న పీట వేసి కూర్చోబెట్టండి. జామకాయ, తోటకూర, పగటి నీళ్లు. మందు అవసరమైతే డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడాలి, నాలుగు రోజులకే ఆపేయకండి.

సమస్య: ఆరు నెలలకు పైగా మానేసి మళ్లీ మొదలైంది.

తమ్ముడో చెల్లో పుట్టడం, బడి మారడం, ఇంట్లో గొడవలు కారణం కావచ్చు. మంట, జ్వరం ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించాలి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం టైప్ 1 షుగర్ కావచ్చు: అదే రోజు రక్తపరీక్ష. వాంతులు, ఆయాసం తోడైతే కేజీహెచ్‌కో (విశాఖ పెద్ద ప్రభుత్వాసుపత్రి) దగ్గర్లోని ఎమర్జెన్సీకో వెంటనే తీసుకెళ్లండి.

గురక పెడుతూ నోటితో గాలి పీలిస్తే అదీ పక్క తడపడానికి కారణం కావచ్చు, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే మెత్తటి కండ) పెరిగాయేమో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. పగలు కూడా నిక్కరు తడుస్తున్నా, ధార సన్నగా వస్తున్నా ఇంట్లో ప్రయోగాలొద్దు. వారం రోజులు ఎప్పుడు తాగాడో, ఎప్పుడు పోశాడో రాసుకుని, ఆ కాగితం పట్టుకెళ్లి పిల్లల డాక్టర్‌కి చూపించండి.