డ్రైనేజీ కనెక్షన్ లేని చోట క్యాంపర్ ఆపితే

క్యాంపర్ వ్యాన్‌లో (వంట, పడక, టాయిలెట్ అన్నీ ఉండే బండి) సాధారణంగా ముందు నిండేది టాయిలెట్ ట్యాంకు కాదు, సింకు, షవర్ నీళ్లు చేరే ట్యాంకు. అందుకే పొదుపు అక్కడే మొదలుపెట్టండి. గిన్నెలు కడిగే ముందు జిడ్డునీ మెతుకులనీ పేపర్‌తో తుడిచి చెత్తలో వేయండి. దాంతో తక్కువ నీళ్లు చాలు, ట్యాంకు వాసన కూడా తగ్గుతుంది. వేడినీళ్లు వచ్చేలోపు కారే చన్నీళ్లను బకెట్లో పట్టి టాయిలెట్‌కి వాడండి. స్నానంలో ఒళ్లు తడిపి షవర్ కట్టేయండి, సబ్బు రుద్దుకున్నాక మళ్లీ తిప్పండి.

ఎక్కువ రోజులు ఉండేట్టయితే చక్రాలున్న పోర్టబుల్ ట్యాంకు ఒకటి కొనుక్కోండి. బండి కదపకుండానే మురుగునీటిని డంప్ స్టేషన్‌కి, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోటుకి, తీసుకెళ్లొచ్చు. కానీ లీటరు నీళ్లంటే కిలో బరువు. 80 లీటర్ల ట్యాంకు నిండితే ఈడ్చడం మామూలు కష్టం కాదు, చిన్నదే మేలు.

టాయిలెట్ ట్యాంకు వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచండి. తెరిచి వదిలేస్తే నీళ్లు జారిపోయి మలం అడుగున గట్టిపడుతుంది, తర్వాత కడిగినా ఓ పట్టాన రాదు. కనీసం మూడింట రెండు వంతులు నిండాక ఖాళీ చేస్తే ఒక్క ఊపులో కొట్టుకుపోతుంది. ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు ట్యాంకు వదలండి. సబ్బునీళ్లు పైపుని కడిగేస్తాయి. ఈ పనికి గ్లవ్స్ తప్పనిసరి. ఈ పైపుని తాగునీటి పైపుతో ఎప్పుడూ కలిపి పెట్టకండి.

చీకట్లో మురుగునీటిని నేల మీద వదిలేద్దామని మాత్రం అనుకోవద్దు. సింకు నీళ్లే కదా అనిపిస్తుంది గానీ వాటిలోనూ జిడ్డు, క్రిములు ఉంటాయి, పక్కనున్న వాగులోకి చేరతాయి.