బడి పిల్లల మాటకు చికిత్స: ఎదురుగా కూర్చోబెట్టాలా, ఫోనులో చెప్పించాలా?

రెండో తరగతి చదివే పిల్లవాడు అక్కను 'అత్త' అని పిలుస్తుంటే ఇంటిల్లిపాదీ ముద్దుగా నవ్వుకుంటారు. అదే పిల్లవాడు పాఠంలోని 'కాకి'ని 'తాతి' అని చదివినప్పుడు తరగతి నవ్వుతుంది, ఆ నవ్వుకు జంకి వాడు నోరు విప్పడం మానేస్తాడు. చిన్నప్పుడు వస సరిగా పోయలేదని అమ్మమ్మలు నొచ్చుకుంటారు గాని, ఇందులో వస తప్పూ లేదు, పెంపకం తప్పూ లేదు. క పలకడానికి నాలుక వెనుక భాగం పైకి లేవాలి. అది లేవక కొన లేస్తే త వినిపిస్తుంది. స్పీచ్ థెరపీతో సాధారణంగా సరిదిద్దగలిగిన ఇబ్బంది ఇది. అయితే మన కోనసీమలో అమలాపురం నుంచి థెరపీకి కాకినాడ వెళ్లాలంటే సుమారు 60 కిలోమీటర్లు. అంతర్వేది వైపు పల్లెల నుంచయితే ఒక్క సెషన్ కోసం పెద్దవారి ఒక రోజు కూలి, పిల్లవాడి ఒక రోజు బడి రెండూ పోతాయి. అందువల్ల వీడియో కాల్ ద్వారా థెరపీ అనగానే తల్లిదండ్రులు ఆశపడటం సహజమే. కాని నిర్ణయం దూరాన్ని బట్టి కాక, పిల్లవాడి ఇబ్బంది ఎటువంటిది, సెషన్ జరిగేటప్పుడు పక్కన ఎవరు కూర్చోగలరు అన్న రెండు విషయాలను బట్టి జరగాలి.

ఏ పద్ధతిని ఎంచుకున్నా మొదటి పరీక్ష మాత్రం ఎదురుగానే జరగాలి. దీనికి ముఖ్యకారణం వినికిడి. సరిగా వినపడని శబ్దాన్ని పిల్లలు సరిగా పలకలేరు, వినికిడిని ఆడియోమెట్రీ యంత్రంతో నిశ్శబ్దమైన గదిలో కొలవాలే తప్ప ఫోనులో తేల్చడం కుదరదు. మన ప్రాంతంలో కాలువల్లో ఈదే పిల్లలకు చెవిలో చీము కారడం కొత్త విషయం కాదు. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలోకి నీరు వెళ్తే అది మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది, వినికిడి తగ్గుతుంది, ఇంట్లోవారు మాత్రం పిల్లవాడికి పరధ్యానమని అనుకుంటారు. ఇక నోటి విషయానికి వస్తే, పైచర్మం అతుక్కుని ఉండి లోపలి కండరం మాత్రం చీలిన అంగిలి వంటి లోపాలను లైటు వేసి, అవసరమైతే వేలితో తడిమి చూస్తేనే కనిపెట్టగలరు. నాలుక కింది పొరను కత్తిరిస్తే నత్తి (మాట తడబడి ఆగిపోవడం) పోతుందన్న సలహా ఊళ్లలో నేటికీ వినిపిస్తుంది. ఆ పొరకూ నత్తికీ సంబంధం లేదు.

ఈ పరీక్ష కోసం ముందుగా బడిలో అడగండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాల్లోని ఉపాధ్యాయులు కూడా దారి చూపగలరు. ప్రైవేటుగా వెళ్లేవారు, ముఖ్యంగా ఫోను ద్వారానే పరిచయమైన వారి వద్ద చేర్చేవారు, థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇటువంటి నిపుణులను నమోదు చేసే జాతీయ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని మొహమాటం లేకుండా అడగాలి. ఎదురుగా ఉన్నప్పుడు గోడ మీది సర్టిఫికెట్టయినా కనిపిస్తుంది, తెర మీద ఆ అవకాశం ఉండదు.

పరీక్షలో వినికిడి, నోటి నిర్మాణం సక్రమంగా ఉన్నాయని తేలి, పిల్లవాడు తెర ముందు ఇరవై నిమిషాలపాటు ధ్యాస నిలపగలిగితే, అక్షరాలను మార్చి పలకడం, నత్తి, పదాలు తక్కువగా ఉండటం, జరిగిన సంగతిని వరుసగా చెప్పలేకపోవడం వంటి వాటికి వీడియో ద్వారా థెరపీని ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని ఒహైయో రాష్ట్ర గ్రామీణ పాఠశాలలకు చెందిన 38 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మొదటి నాలుగు నెలలు ఎదురుగా, తరువాతి నాలుగు నెలలు వీడియోలో, రెండో జట్టుకు అటుది ఇటుగా థెరపీ ఇచ్చి చూస్తే, రెండు పద్ధతుల్లోనూ పిల్లలు ముందుకు సాగారు. ఆ ఫలితాన్ని మన ఇళ్లకు యథాతథంగా వర్తింపజేసుకునే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అటువంటి కార్యక్రమాల్లో పిల్లవాడి పక్కన తోడుగా ఒక పెద్దమనిషి ఉంటారు. పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చి, తల్లి వంటింట్లోకీ తండ్రి చెరువు మీదకీ వెళ్లిపోతే దానిని థెరపీ అనలేము.

మాట ఇంకా రాని ఆటిజం పిల్లలకు, కొత్తగా వినికిడి యంత్రం పెట్టుకున్న వారికి, గ్రహణం మొర్రి ఆపరేషన్ తరువాత మాట ముక్కులోంచి వచ్చే వారికి థెరపిస్టు ఎదురుగా ఉండటమే మేలు. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఫోను మీద ఆధారపడి తిండి ప్రయోగాలు చేయకూడదు.

భాష విషయంలో మాత్రం దూరపు పద్ధతికి ఒక అదనపు సౌలభ్యం ఉంది. ఎక్కడున్నా సరే, తెలుగు బాగా వచ్చిన థెరపిస్టును ఎంచుకోవచ్చు. ఇంగ్లీషు మీడియంలో చేర్చాము కనుక ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా చెబితే వినవద్దు. ఇంటి భాషలో మాట బలపడటం పిల్లవాడికి మేలే చేస్తుంది. ఇల్లంతా 'నీల్లు' అనే చోట పిల్లవాడూ 'నీల్లు' అంటే అది యాసే గాని లోపం కాదని గ్రహించగలిగిన మనిషి కావాలి. సాధనకు కూడా ఎక్కడివో బొమ్మల కార్డులు అక్కర్లేదు. క అక్షరానికి కోడి, కాలువ, కొబ్బరికాయ, కూర చాలు. ఇవన్నీ పిల్లవాడి కళ్లెదుట ఉన్నవే.

వీడియో సెషన్లలో ఎక్కువ చిక్కు శబ్దంతోనే వస్తుంది. స, శ, ష లలో ఉండే సన్నని ఊదుడు శబ్దాన్ని ఫోను మైకు, నెట్‌వర్కు కలిసి కొంత మింగేస్తాయి. పక్క చప్పుళ్లను తగ్గించే యాప్ సదుపాయం వాటిని కూడా చప్పుడుగానే భావించి నొక్కేస్తుంది. అందుచేత ఆ సదుపాయాన్ని ఆపివేయాలి. వారానికొకసారి అవే పదాలను ఫోనులోనే రికార్డు చేసి, ఆ ఫైలును థెరపిస్టుకు పంపాలి, కాల్‌లో వినపడని తేడా అందులో వినపడుతుంది. ఖాళీ శ్లాబు గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది కనుక మంచం, పరుపు ఉన్న గదిలో కూర్చుని, తలుపుకు దుప్పటి వేలాడదీస్తే చాలా వరకు తగ్గుతుంది. ఫ్యాను వేగం తగ్గించండి. వెలుతురు పిల్లవాడి ముఖం మీద పడేలా కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఫోనును చేత్తో పట్టుకోకుండా నోటి ఎత్తులో నిలబెట్టండి.

పక్కన కూర్చున్న పెద్దవారు జవాబు అందించకూడదు. థెరపిస్టు అడిగిన తరువాత మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగడం చాలామంది తల్లులకు కష్టమనిపిస్తుంది గాని, ఆ మౌనంలోనే పిల్లవాడు నాలుకను వెతుక్కుంటాడు. నత్తి ఉన్న బిడ్డకు 'నెమ్మదిగా చెప్పు' అని గుర్తు చేయడం, మాటను మధ్యలో అందుకుని పూర్తి చేయడం కూడా మానాలి. వారానికి ఒక సెషన్ ఎంత బాగా జరిగినా, మిగిలిన రోజుల్లో పది నిమిషాల సాధన లేకపోతే దాని ఫలితం నిలవదు. ఇది ఎదురుగా చేసే థెరపీకీ వర్తిస్తుంది.

వీలైతే రెండింటినీ కలుపుకోవడమే మన ప్రాంతానికి తగిన పద్ధతి. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే నది దాటించే పంటులు ఆగిపోతాయి, లంక గ్రామాలకు కాజ్‌వేలు మునుగుతాయి. ఆ నెలల్లో వీడియోకు పరిమితమై, కరెంటు పోయే రోజుల కోసం మరొక సమయాన్ని ముందే అనుకోవాలి. వేసవి సెలవుల్లో కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో చుట్టాలింట రెండు మూడు వారాలు ఉండి ఎదురుగా సెషన్లు దగ్గర దగ్గరగా పెట్టించుకోవచ్చు. మధ్యలో సంక్రాంతి సెలవులకు అటూ ఇటూగా ఒక సమీక్ష సరిపోతుంది.

ప్రారంభంలోనే థెరపిస్టు చేత లక్ష్యాన్ని లెక్కలో చెప్పించుకోండి: క తో మొదలయ్యే ఇరవై పదాల్లో ఇప్పుడు ఎన్ని సరిగా పలుకుతున్నాడు, పది సెషన్ల తరువాత ఎన్ని పలకాలి? ఆ గడువుకు కదలిక లేకపోతే వీడియోను పొడిగించకుండా ఎదురుగా మరోసారి పరీక్ష చేయించాలి. పదాలు కుదిరాక, పిల్లవాడిని ఒంటరిగా కొట్టుకు పంపి కిలో కందిపప్పు, కుంకుడుకాయలు తెమ్మనండి. కొట్టువాడు రెండోసారి అడగకుండా ఇచ్చాడో లేదో ఆ వారం థెరపిస్టుకు చెప్పండి.