అడవిపూలను చదవడం – 4వ పాఠం: ట్రిలియం వయసు

గత పాఠంలో రక్షకపత్రాలకూ ఆకర్షణపత్రాలకూ ఉన్న తేడాను నేర్చుకున్నాము. ఈసారి ఒకే మొక్కను తీసుకొని, దాని వయసును పైకి కనిపించే గుర్తులతో అంచనా వేయడం నేర్చుకుందాము. ఉత్తర అమెరికా పశ్చిమ అడవులలో, బ్రిటిష్ కొలంబియా నుంచి మధ్య కాలిఫోర్నియా దాకా తేమ నేలల్లో పెరిగే బహువార్షిక మొక్క ట్రిలియం ఓవేటం. 1806 ఏప్రిల్‌లో అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ కొలంబియా నది ఒడ్డున సేకరించిన నమూనాను చూసి వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ పర్ష్ దీనికి ఆ పేరు పెట్టాడు. సియాటిల్, పోర్ట్‌లాండ్ పరిసరాలలో ఉన్న మన పాఠకులకు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది కాలిబాట పక్కనే కనిపిస్తుంది.

మొదట మొక్కను నిర్ధారించుకోవాలి. పూసిన మొక్కకు మూడు ఆకులు, మూడు ఆకుపచ్చని రక్షకపత్రాలు, మూడు తెల్లని ఆకర్షణపత్రాలు, ఆరు కేసరాలు ఉంటాయి. ఏకదళబీజ మొక్కే (ఒకే బీజదళంతో మొలిచేదే) అయినా దీని ఈనెలు అలాంటి మొక్కల్లో మామూలుగా ఉండేలా సమాంతరంగా కాక జాలాకారంగా అల్లుకొని ఉంటాయి కనుక, ఈనెలనే నమ్ముకున్నవారు ఇక్కడ పొరబడతారు. పువ్వుకు చిన్న కాడ ఉందో లేదో తప్పక చూడండి. కాడ లేకుండా ఆకుల నడుమనే నేరుగా తెల్లని పువ్వు కూర్చుంటే అది ట్రిలియం ఆల్బిడం అనే మరో రకం కావచ్చు. పువ్వు లేనప్పుడు, అదే నీడలో పెరిగే వెనిల్లా లీఫ్ అనే మొక్క కూడా మూడు పత్రకాలతో తికమక పెడుతుంది, కానీ దాని అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ట్రిలియం ఆకు అంచు నున్నగా సాగి మొనదేలుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాము. మొలకెత్తిన ట్రిలియం కొన్నేళ్లపాటు ఒంటి ఆకుతోనే గడిపి, ఆ తరువాత మూడాకుల దశకు చేరి, భూమిలోని కొమ్ములో (అడ్డంగా పెరిగే లావైన కాండంలో) తగినంత ఆహారం నిల్వ చేసుకున్నాకే పూస్తుంది. ఇందుకు ఏడేళ్లు, తరచుగా అంతకు మించి పడుతుంది. పువ్వు వయసు తెలుసుకోవడం మాత్రం సులభం: మన రాధామనోహరంలాగే ఇది తెల్లగా విచ్చుకొని, రోజులు గడిచేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతుంది. ముచ్చటపడి ఆకులతో సహా తుంచితే ఆ ఏడాదికి మొక్కకు ఆహారం తయారుచేసుకునే దారే ఉండదు, కనుక చేతులు వెనక్కి కట్టుకొనే చూడండి.

అభ్యాసం: ఒక గుంపును ఎంచుకొని ఒంటి ఆకువి, మూడాకులవి, పూసినవి విడివిడిగా లెక్కించి రాసుకోండి. చెట్లు నరికేసిన అంచుల దగ్గర కొత్త మొలకలు బాగా తగ్గుతాయని ఒరెగాన్ పరిశోధనల్లో తేలింది. అందువల్ల ఒకే లెక్కను అడవి అంచున ఒకసారి, లోపల ఒకసారి తీసి, ఒంటి ఆకుల సంఖ్యలను పక్కపక్కన రాయండి.