తొలి వేషం నాటి సంగతులు: పాత నాటక కళాకారుల జ్ఞాపకాలను రికార్డు చేయడం ఎలా?

కరీంనగర్‌లో 1909లో పుట్టి, మూకీల కాలంలోనే బొంబాయి చేరి కథానాయకుడిగా నిలదొక్కుకున్న పైడి జైరాజ్‌కు 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. మిమిక్రీలో దేశమంతటా పేరు తెచ్చుకున్న నేరెళ్ల వేణుమాధవ్ పేరిట హన్మకొండలో ఒక ప్రాంగణమే ఉంది. ఇటువంటివారి తొలి రోజుల సంగతులు ఎక్కడో ఒకచోట అచ్చులో దొరుకుతాయి. కానీ రాయబారం సీనులో కృష్ణుడి వెనుక కిరీటం సర్దుకుంటూ నిలబడినవాడు, మీసం రాని వయసులో చంద్రమతి వేషం కట్టి ఊరి ఆడవాళ్లను ఏడిపించినవాడు నాటకంలోకి ఎట్లా వచ్చాడో ఎవరూ రాసిపెట్టలేదు. వారిలో మిగిలి ఉన్నవారు ఎనభై దాటినవారే. చేతిలో ఫోను తప్ప మరే సామగ్రీ లేని మనుమలు, మనుమరాళ్లు, కాలేజీ విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడం కోసమే ఇది రాస్తున్నాను.

కళాకారుడి ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ఫోను జేబులోనే ఉండాలి. ఊరు, వంశం, మోకాళ్ల నొప్పులు, చాయ్, ఇవన్నీ అయిన తరువాత, ఎందుకు రికార్డు చేయదలచారో, అది ఎవరి చేతికి పోతుందో స్పష్టంగా చెప్పి, ఆయన సరేనంటేనే రెండవసారికి రోజు అడగాలి. పొద్దుటి చాయ్‌కీ మధ్యాహ్న భోజనానికీ నడుమనున్న సమయం మంచిది, గంటంపావుకు మించి కూర్చోబెట్టకూడదు. ఇంట్లోవారిని మర్యాదగానే వేరే గదిలో ఉండమని కోరాలి, ఎందుకంటే "అట్ల కాదు బాపూ" అని కొడుకు ఒక్కసారి అందుకున్నాడంటే ఆ పూట ఇక కొడుకు చెప్పే కథే నడుస్తుంది. ఆయనతో కలిసి వేషాలు కట్టిన మిత్రుడు ఎవరైనా ఉంటే మాత్రం ఆటోలో ఎక్కించుకొని తీసుకువెళ్లండి. ఇద్దరూ వాదులాడుకునే చోటే అసలు సంగతులు బయటపడతాయి.

శబ్దం విషయంలో ఒకే జాగ్రత్త ముఖ్యం, ఫ్యాను ఆపించాలి. మే నెలలో హన్మకొండలో ఒక పెద్దాయన ఇంట్లో ఆ మాట అడగడానికి మొహమాటపడ్డాను. గంటసేపు ఆయన పాడిన పద్యాల మీద ఫ్యాను రెక్కల మోత తప్ప మరేమీ మిగలలేదు. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి, మడిచిన తువాలు మీద, ఆయన నోటికి జానెడున్నర దూరంలో పెట్టండి. వీలైతే శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫార్మాట్‌లో రికార్డు చేయాలి. మోనోలో గంటకు సుమారు 300 ఎంబీ పడుతుంది కనుక ముందురోజే ఫోనులో ఖాళీ చేసుకోవాలి.

ఇక ప్రశ్నల సంగతి. "నాటకాల్లోకి ఎలా వచ్చారు?" అని మొదలుపెట్టడం కంటే పెద్ద పొరపాటు లేదు. ఆ ప్రశ్నకు ఆయన సన్మాన సభల్లో ఎన్నోసార్లు జవాబు చెప్పి ఉంటారు. అదే ఉపన్యాసం, అవే విరామాలతో, చప్పట్లు రావలసిన చోట కాస్త ఆగి మరీ, మీకూ వినిపిస్తారు. నటుడు తన కథను కూడా నటిస్తాడు, అది ఆయన తప్పు కాదు. అందువల్ల కథను వదిలి పనిని అడగాలి. పోర్షన్, అంటే ఆయన వేషానికి చెందిన మాటలూ పద్యాలూ, ఎవరు రాసిచ్చారు, ఏ నోటుబుక్కులో? చదువు రాకపోతే నోటి మీద ఎవరు చెప్పారు? హార్మోనియం మాస్టారు ఏ ఊరినుంచి వచ్చేవారు, ఎవరింట తినేవారు? పెట్రోమాక్స్ లైటు మధ్యలో కొండెక్కితే పద్యం ఆపేవారా, చీకట్లోనే పాడేవారా?

నర్సంపేట వైపు ఒక పెద్దాయన మొదటి నాటకం పేరే గుర్తులేదన్నారు. "ఏడ గుర్తుంటది బిడ్డా, అరువయేండ్లు దాటె" అని నవ్వేశారు. మొహానికి రంగు ఎట్లా వేసుకునేవారో చూపించమని అడిగాను. ఆయన ఎడమ అరచేతిలో లేని కొబ్బరినూనెను బొటనవేలితో నలిపి, నుదుటినుంచి గడ్డం దాకా రాసుకొని, కనుబొమ్మలను చూపుడువేలితో రెండుసార్లు దిద్దుకున్నారు. రెండో కనుబొమ్మ దగ్గర వేలు ఆగిపోయింది. ఆ రాత్రి రంగు తుడుచుకోవడానికి నూనె చాలక, కనుబొమ్మల నలుపుతోనే ఇంటికి పోయాడట. వరంగల్ అజంజాహీ బట్టల మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి తెల్లవారుజామున దీపం పైకెత్తి చూసి, మాట్లాడకుండా ఒక్క దెబ్బ కొట్టాడట. మిగిలిన నలుపును తల్లి కొంగుతో తుడిచిందట. నాటకం పేరు అరగంట తరువాత తనంతట తానే జ్ఞాపకం చేసుకున్నారు.

డబ్బు గురించి అడగడానికి జంకకూడదు, కానీ "ఎంత ఇచ్చేవారు?" అని కాక "ఎంత ఖర్చయ్యేది?" అని అడగాలి. మన వైపు ఊరి నాటకాల్లో వేషగాళ్లే చందాలు వేసుకొని మాస్టారికి ముట్టజెప్పి, డ్రెస్సులు కిరాయికి తెచ్చుకోవడం మామూలు. వేషం దక్కడమంటే, అప్పు మెడకు పడడం కూడా. నిజాం కాలపు లెక్కలు వచ్చినప్పుడు హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని తప్పక అడగండి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం.

తేదీలు ఒక పట్టాన తేలవు. పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు సర్కారీ లెక్కల సంవత్సరం, ఉంటే దానికి 590 కలిపితే ఇంచుమించుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కాగితం లేనప్పుడు, 1948 పోలీసు యాక్షన్‌కు ముందా తరువాతా, 1952 ఎన్నికలకు ముందా, 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్లయిందా అని అడుగుతూ దగ్గరికి రావాలి. సమ్మక్క జాతర రెండేళ్లకొకసారి వస్తుంది కనుక, "ఆ ఏడు మేడారం పోయిండ్రా?" అన్న ప్రశ్న నాకు చాలాసార్లు పనికివచ్చింది. అయితే ఆయన చెప్పిన సంవత్సరం తప్పని మీకు తెలిసినా మధ్యలో సరిదిద్దకూడదు. నేను ఒకసారి సరిదిద్దాను. ఆ తరువాత ప్రతి వాక్యం చివరా "నీకే ఎరుక" అంటూ ఆయన ముడుచుకుపోయారు.

అందరికీ ఒకే ప్రశ్నల పట్టీ పనికిరాదు. చిందు యక్షగానం, ఒగ్గు కథ వంటివాటిలో కళ ప్రధానంగా కులం, కుటుంబం ద్వారానే వచ్చింది. 1885 నుంచి నడుస్తున్న సురభి కుటుంబ నాటక సమాజాల్లో పిల్లలు మాటలు రాకముందే రంగస్థలం మీద ఉంటారు. జనగామ జిల్లానుంచి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య చిందు కళాకారులే. ఇటువంటివారిని "ఎలా ప్రవేశించారు" అని అడగడం, ఇంట్లోకి ఎలా వచ్చారని అడిగినట్టే ఉంటుంది. మొదట గజ్జె ఎవరు కట్టారు, పిల్లవేషం పోయి పెద్దవేషం ఎప్పుడు వచ్చింది, ఎవరి వేషం ఖాళీ అయితే వచ్చింది అని అడగాలి.

వరంగల్ స్టేషన్‌లో రైలెక్కి సినిమాల కోసం మద్రాసు పోయి తిరిగివచ్చినవారు కొందరు తారసపడతారు. ఆ భాగాన్ని తొందరపెట్టవద్దు. టికెట్ డబ్బు ఎక్కడిది, ఎవరి ఉత్తరం పట్టుకొని పోయారు, ఎక్కడ పడుకున్నారు అన్నవి చాలు, ఎందుకు తిరిగివచ్చారో ఆయనే చెప్పాలి. మౌనం ఎంతసేపు సాగినా రికార్డు ఆపకండి, మీ మాటతో నింపకండి.

ఇంటికి రాగానే ఆ రాత్రే ఫైలుకు పేరు, తేదీ, ఊరు పెట్టి, మరో రెండు చోట్ల నకళ్లు దాచండి. పాత ఫొటోల ముందు వైపునే కాక వెనుక వైపు రాతనూ ఫొటో తీయాలి. లామినేషన్ మాత్రం చేయించవద్దు. మాటలను కాగితం మీదికి ఎక్కించడానికి గంట రికార్డింగుకు నాకు ఆరేడు గంటలు పడుతుంది. "వచ్చిన్రు", "ఏసిన" అన్నవాటిని పుస్తకాల భాషలోకి దిద్దితే మనిషి గొంతు పోతుంది కనుక ఉన్నదున్నట్టే రాయాలి.

రాసినదాన్ని పట్టుకొని మూడవసారి వెళ్లి నెమ్మదిగా చదివి వినిపించండి. నర్సంపేట పెద్దాయన తండ్రి కొట్టిన దెబ్బ దాకా కళ్లు మూసుకొని విన్నారు, ఒక్క మాటా మార్చలేదు. పద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యెత్తి ఆపారు. ఆయన పాడిన స్థాయిని నేను ఐదు శ్రుతి అని రాశాను, అది ఐదున్నర. కొట్టివేయకుండా, ఆ రోజు తేదీతో పక్కన రాసుకున్నాను.