పళ్ళొస్తున్నాయా, జబ్బా? పాపాయి విషయంలో తేడా తెలుసుకోవడం ఎలా?

ఏడో నెల పాపకి రెండు రోజులుగా మోషన్స్, ఒళ్ళు కూడా కాలుతోంది. "పళ్ళొస్తున్నాయిలే, అలాగే ఉంటుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చేస్తారు. ఈ మాట వినని తల్లి మన ఇళ్ళలో ఉండదేమో. పన్ను రావడం జబ్బేమీ కాదు. కానీ దాని మీదకి తోసేసి అసలు జబ్బుని పట్టించుకోకపోతేనే ప్రమాదం.

1. ముందు నెలలు లెక్క చూసుకోండి

చాలామందికి మొదటి పన్ను ఆరో నెల అటూ ఇటూగా వస్తుంది. కొందరికి నాలుగో నెలలోనే కనిపిస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. సాధారణంగా ముందు కింది రెండు పళ్ళు, తర్వాత పైవి, ఆ పక్కవి వస్తాయి. మొదటి దవడ పళ్ళు 13 నుంచి 19 నెలల మధ్య, కోరపళ్ళు 16 నుంచి 22 నెలల మధ్య వస్తాయి. మూడేళ్ళకల్లా 20 పాల పళ్ళూ వచ్చేస్తాయి. పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండమంటారు గానీ, ఆ వరస తప్పడం మామూలే, మేనమామ నిశ్చింతగా ఉండొచ్చు. ఏడాదిన్నర వచ్చినా ఒక్క పన్నూ రాకపోతే మాత్రం పళ్ళ డాక్టర్‌కి చూపించండి.

2. చిగురు తడిమి చూడండి

చేతులు కడుక్కుని, వేలితో మెల్లగా చిగురు తడమండి. ఉబ్బి, ఎర్రగా ఉండి, లోపల గట్టిగా తగిలితే పన్ను దగ్గరపడినట్టే. ఒక్కోసారి నీలంగా చిన్న బుడగలా కనిపిస్తుంది. చాలావరకు అదే తగ్గిపోతుంది, గుచ్చకండి. చొంగ కారడం, విసుగు, రాత్రి నిద్ర చెదరడం, దొరికిందల్లా కొరకడం ఉంటాయి. మా ఇంట్లో టీవీ రిమోట్ బటన్లు రెండు అలాగే పోయాయి. అయితే మూడో నెలలో చొంగ కారిందని పళ్ళే అనుకోకండి, ఆ వయసులో లాలాజలం ఊరడం ఎలాగూ పెరుగుతుంది.

3. జ్వరాన్ని చేత్తో కాదు, థర్మామీటర్‌తో చూడండి

పళ్ళ వల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చేమో గానీ, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే కారణం వేరే ఉంటుంది. విరేచనాలు, వాంతులు కూడా పళ్ళ వల్ల రావు. మరి పళ్ళూ, ఈ జబ్బులూ కలిసి ఎందుకొస్తాయి? తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గేదీ, అన్నప్రాసన చేసి కొత్త తిండి మొదలుపెట్టేదీ, పాకుతూ నేలమీదవన్నీ నోట్లో పెట్టుకునేదీ ఇంచుమించు ఆ నెలల్లోనే. పన్ను కూడా అప్పుడే వస్తుంది కాబట్టి నేరం దాని మీద పడుతుంది.

నీళ్ళ విరేచనాలైతే తల్లిపాలు ఆపకుండా ఓఆర్ఎస్ పట్టండి. ఉచ్చ తగ్గినా, బిడ్డ డీలా పడినా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చెవి లాక్కుంటూ జ్వరం కూడా ఉంటే చెవిలో ఇన్ఫెక్షనేమో చూపించాలి.

4. నొప్పికి ఇలా చేయండి

శుభ్రమైన మెత్తటి గుడ్డని తడిపి ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, మీ ఎదురుగా నమలనివ్వండి. వేలితో చిగురు మెల్లగా రుద్దినా హాయిగా ఉంటుంది. టీథర్‌ని (పిల్లలు కొరకడానికిచ్చే బొమ్మ) ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టింది చిగురుకి దెబ్బ. పచ్చి క్యారెట్ ముక్క ఇవ్వకండి, విరిగి గొంతుకి అడ్డం పడుతుంది.

మరీ ఏడుస్తుంటే బరువుని బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వొచ్చు. ఇక్కడ చాలామంది పొరపడతారు. చుక్కల మందులో సాధారణంగా ఒక ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 120, 125 లేదా 250 ఉంటాయి. 120 సిరప్ అనుకుని చుక్కల మందు 5 ఎం.ఎల్. పోస్తే నాలుగు రెట్లు పైగా లోపలికి పోయినట్టే. సీసా మీద అంకె చదవకుండా మూత తీయకండి.

5. వీటి జోలికి పోకండి

చిగురుకి రాసే బెంజోకైన్ (తిమ్మిరెక్కించే మందు) జెల్ రెండేళ్ళలోపు వాళ్ళకి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. అరుదుగానే అయినా రక్తం ఆక్సిజన్ మోసే శక్తి పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. 2017లో అక్కడే కొన్ని హోమియో టీథింగ్ మాత్రల్లో బెల్లడోనా అనే విషమొక్క సారం ఎక్కువ తక్కువలుగా ఉన్నట్టు బయటపడింది. పక్కింటివాళ్ళు ఇచ్చారని తెల్ల మాత్రలు వేసేముందు ఆలోచించండి. ఏడాది నిండని బిడ్డ నోటికి తేనె రాయకండి, బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదముంది. మెడలో టీథింగ్ పూసల దండ కూడా వద్దు, బిగుసుకుంటే ఊపిరాడదు.

6. మొదటి పన్ను కనిపించిన రోజే బ్రష్ తెండి

బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్‌తో రోజుకి రెండుసార్లు తోమాలి. పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మానేయండి. మొదటి పుట్టినరోజులోపు ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపిస్తే మంచిది. "ఊడిపోయే పళ్ళకి ఇంత హడావుడా?" అని ఎవరైనా అంటే, వెనక దవడల పాల పళ్ళు పదేళ్ళు దాటేదాకా ఊడవని చెప్పండి.